శిశువు శక్తి - గురువు భాష

ప్రతి శిశువులోను ఏదో ఒక విశేష శక్తి నిక్షిప్తమై ఉంటుందని, దానిని గుర్తించి పెంపొందించడమే విద్య ప్రథమ ధర్మమని అంగీకరించని విద్యావేత్త నేడు కనిపించడు. 1837లో జర్మనీలో ఫ్రోబెల్ ప్రారంభించిన శిశూద్యానం, 1907లో రోమ్ నగరంలో మేరియా మాంటిస్సోరి స్థాపించిన బాలగృహం, 1920లో భావనగర్‌లో గిజుభాయి బధేకా నెలకొల్పిన బాలమందిరం - ఇవన్నీ ఈ ఒక్క సూత్రానికే వ్యాఖ్యానాలు. అయితే సూత్రం మీద ఏకాభిప్రాయం కుదిరినంత మాత్రాన ధర్మసందేహం తీరిపోదు. బిడ్డలో శక్తి ఉందనడం ఒక మాట. ఆ శక్తి ఉందో లేదో నిర్ణయించేవారెవరు, ఏ భాషలో విని నిర్ణయిస్తారు అన్నది వేరొక మాట. శిశువిద్యను గురించిన చర్చలలో మొదటి మాట తరచుగా వినిపిస్తుంది. రెండవ మాటను ఎత్తేవారు అరుదు.

ఈ రెండవ ప్రశ్నకు గ్రంథాలలో కంటె సరిహద్దు గ్రామాలలోనే స్పష్టమైన సమాధానం లభిస్తుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బస్తర్ సీమలో, సుక్మా జిల్లా కొంటా తహసీలుకు చెందిన భేజ్జి అటువంటి గ్రామాలలో ఒకటి. ఈ పేరు పత్రికలలో కనిపించిన సందర్భాలు ఎక్కువగా విషాద సందర్భాలే. 2017 మార్చి 11న ఆ పరిసరాలలో మావోయిస్టుల మెరుపుదాడికి 12 మంది కేంద్ర రిజర్వు పోలీసు జవానులు బలి అయినప్పుడు దేశమంతటా ఆ పేరు వినిపించింది. 2005 తరువాత చెలరేగిన హింసాకాండలో కొంటా ప్రాంతంలోని అనేక పాఠశాలలు ధ్వంసమయ్యాయి, మరెన్నో మూతపడ్డాయి. ఆ తరువాత వెదురుతోను, రేకులతోను కట్టిన ఆశ్రమ పాఠశాలలు వెలిశాయి. మూతపడిన బడులు కొన్ని తిరిగి తెరుచుకున్నాయి. ఊళ్ళలో చదువుకున్న యువతీయువకులే ‘శిక్షాదూత్’ పేరుతో పాఠాలు చెప్పడానికి ముందుకు వచ్చారు. ఇంత కల్లోలం నడుమ కూడా అక్కడి బిడ్డలు పుడుతూనే ఉన్నారు, మాటలు నేర్చుకుంటూనే ఉన్నారు. వారు నేర్చుకుంటున్న మాటలు ఏవి అన్నదే ఇక్కడ ప్రస్తుతం.

కొంటా ప్రాంతంలో ప్రధానంగా నివసించేవారు దోర్లా, కోయ జనులు. వారు మాట్లాడే దోర్లీ, గోండీ కుటుంబానికి చెందిన ద్రావిడ భాష. భద్రాచలం, చింతూరు ప్రాంతాల కోయభాషకు అతి సమీప బంధువు. సంతలో తెలుగు వినిపిస్తుంది. ఉత్తరంగా పోయేకొద్దీ హల్బీ వినిపిస్తుంది. కార్యాలయంలోను, బడిలోను హిందీ వినిపిస్తుంది. నాలుగేళ్ళ శిశువు చెవిలో ఇన్ని భాషలు పడుతున్నా, కల వచ్చినప్పుడు పలవరించేది మాత్రం ఒక్క భాషలోనే.

శబరికి ఇరువైపులా

కొంటా పక్కనుంచి శబరి నది ప్రవహిస్తుంది. ఈ ప్రాంతంలో మూడు రాష్ట్రాల సరిహద్దులు కలుస్తాయి. 2005 తరువాతి సంవత్సరాలలో ఈ ప్రాంతపు ఆదివాసులు వేల సంఖ్యలో సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు, గోదావరి పరిసరాలకు తరలివచ్చారు. వారిలో అధిక సంఖ్యాకులు నేటికీ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలోనే ఉన్నారు. ఆ విధంగా ఒకే తాతకు మనుమలైన పిల్లలు రెండు వేర్వేరు బడులలో కూర్చోవలసి వచ్చింది. ఇవతల ఉన్నవారికి హిందీ బడి, అవతలికి పోయినవారికి తెలుగు బడి.

ఈ పరిణామం ఎవరూ తలపెట్టకుండానే ఒక పరీక్షగా పరిణమించింది. హిందీ పలకరింపునకు బిడ్డ బదులు పలకకపోతే ‘హిందీ రాదు’ అని ఒక చోట అంటారు. తెలుగు పలకరింపునకు అదే వయసు బిడ్డ బదులు పలకకపోతే ‘తెలుగు రాదు’ అని మరొక చోట అంటారు. నెలలు గడిచేసరికి ఈ రెండు మాటలూ కరిగి ‘ఈ పిల్లలకు చురుకుదనం లేదు’ అనే మూడవ మాట పుడుతుంది. అదే సాయంత్రం తమ గుడిసె ముంగిట ఆ పిల్లలిద్దరూ గలగల మాట్లాడుతారు, తగవులాడుతారు, తగవులు తీర్చుకుంటారు. అప్పుడు లోపం ఎక్కడ ఉన్నట్లు? బడిలో ఉన్న మౌనం బిడ్డ స్వభావం కాదని శబరికి ఇరువైపులా ఉన్న ఆ ఇద్దరు పిల్లలే నిరూపిస్తున్నారు. అది బిడ్డకు, గురువుకు మధ్య ఏర్పడిన అగాధానికి గుర్తు. ఆ అగాధాన్ని బిడ్డ ఖాతాలో జమకట్టడం అన్యాయం.

తెలుగు ఉపాధ్యాయులకు ఇందులో ఒక విశేష ప్రమాదం కూడా ఉంది. కోయ, గోండీ భాషలు తెలుగుకు జ్ఞాతులు కావడంవల్ల, వాటిని వక్రమైన తెలుగుగా భావించే అలవాటు చాలామందిలో కనిపిస్తుంది. తెలుగువారికి ‘ఏరు’ అంటే పారే వాగు. కోయ బిడ్డకు అదే మాట తాగే నీరు. తెలుగువారికి ‘లోను’ అంటే లోపలి భాగం. కోయలో ‘లోన్’ అంటే ఇల్లు. దాహం వేసి ‘ఏరు’ అన్న పిల్లవాడు వాగును గురించి మాట్లాడుతున్నాడని అనుకుంటే, పొరపాటు పడినది గురువే. హిందీ విషయంలో చిక్కు మరొక తీరుగా ఉంటుంది. కుర్చీకి, రొట్టెకు, చెట్టుకు స్త్రీపుంలింగ భేదం పాటించే భాష అది. తెలుగులో వలెనే గోండీ కుటుంబ భాషలలోను అటువంటి భేదం లేదు. ఆ భేదం తప్పిన బిడ్డ తన తల్లిభాషా వ్యాకరణాన్ని నిష్ఠగా పాటిస్తున్నాడన్నమాట. వినేవారికి ఆ వ్యాకరణం తెలియకపోతే నిష్ఠ కాస్తా అజ్ఞానంగా కనిపిస్తుంది.

భేదాలను చెరిపివేసే భాష

ఇక్కడే అసలు విషయం ఉంది. మాతృభాషలో శిశువిద్య ఒక విధానమని, ప్రతి బిడ్డ ప్రత్యేక శక్తిని పెంపొందించడం మరొక విధానమని విద్యా పత్రాలలో వేర్వేరు అధ్యాయాలుగా రాయడం ఆనవాయితీ. నిజానికి ఈ రెండూ ఒక్కటే. తెలియని భాష చేసే మొదటి అపకారం పిల్లల మధ్య ఉన్న భేదాలను చెరిపివేయడం.

అడవిపల్లెలో ఒక ముంగిట అయిదుగురు పిల్లలు కూర్చున్నారనుకుందాం. ఒకతె అవ్వ చెప్పిన కథకు తన సొంత ముగింపు చేర్చి చెబుతుంది. ఒకడు వేసవిలో తల్లి పక్కన కూర్చుని తునికాకులు అందిస్తూ లెక్క పట్టుకుంటాడు. కట్టకు యాభై ఆకులు. ఒకటి తగ్గినా తల్లి ఊరుకోదు. మూడవ పిల్ల ఎక్కువగా మాట్లాడదు గాని ఏ పిట్ట ఏ చెట్టు మీద కూసిందో చెప్పగలదు. నాలుగవవాడు బంకమట్టితో ఎడ్లబండి చేస్తాడు. చక్రం ఎందుకు తిరగడం లేదో గంటసేపు ఆలోచిస్తాడు. అయిదవ పిల్ల చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని, తక్కిన నలుగురి తగవులూ తీరుస్తుంది. ఇవి అయిదు వేర్వేరు శక్తులు. వీరినే తెలియని భాష వినిపించే గదిలో కూర్చోబెడితే అయిదుగురూ ఒకే విధంగా కనిపిస్తారు: నోరు విప్పని పిల్లలు. కథ చెప్పే పిల్లకు, సహజంగానే మితభాషి అయిన పిల్లకు తేడా గురువుకు తెలియదు. మొదటిదాని మౌనం బలవంతపు మౌనం, రెండవదానిది ఆలోచనా మౌనం. రెంటినీ ఒక్కటిగా చూసేవారు ఎవరి శక్తిని పెంపొందించగలరు?

తెలియని భాషలో ఒకే ఒక శక్తి పైకి కనిపిస్తుంది. అర్థం తెలియకపోయినా విన్నదానిని గబగబ అప్పగించగల శక్తి అది. అది కూడా శక్తే. దానిని తక్కువ చేయనక్కరలేదు. కాని బడి మొత్తం ఆ ఒక్క గుణాన్నే మెచ్చుకుంటే, తక్కిన నాలుగు గుణాలూ గుర్తింపు లేక ఎండిపోతాయి. ‘ఈ ఊళ్ళో తెలివైన పిల్ల ఒక్కతే ఉంది’ అన్న నివేదిక వెలువడుతుంది. నివేదిక రాసినవారికి దురుద్దేశం ఉండదు. వారికి వినిపించినంత మేరకు అది నిజమే.

ముందుగా దాటవలసినవారు

రెండు భాషల నడుమ దూరం ఉన్నప్పుడు ఎవరు ముందు నడవాలి? శిశువిద్యలో నైతిక ప్రశ్న యావత్తూ దీనిలోనే ఇమిడి ఉంది. నాలుగేళ్ళ బిడ్డ నడవాలా, నలభై ఏళ్ళ గురువు నడవాలా? బలం ఎవరిదో భారం వారిదే అన్నది లోకధర్మం. బడిలో మాత్రం ఈ ధర్మం తలకిందులై, భారమంతా బిడ్డ మీద పడుతుంది.

తెలుగువారికి ఈ విషయంలో ఒక మహోన్నత నిదర్శనం ఉంది. గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న కాలంలో, సమీప కొండలలోని సవరల భాషను పట్టుదలతో నేర్చుకున్నాడు. అచ్చులో ఒక్క వాచకమైనా లేని ఆ భాషలో పుస్తకాలు రాశాడు. సొంత ధనం వెచ్చించి బడులు పెట్టించి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించాడు. 1931లో వెలువడిన ఆయన సవర వ్యాకరణం ఆ దీర్ఘ తపస్సుకు ఫలం. ఆయన జయంతి అయిన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకోవడం అందరికీ విదితమే. తెలుగు బిడ్డకు గ్రాంథిక భాష బరువు తగ్గించాలని పోరాడిన ఆ వ్యక్తే, సవర బిడ్డకు తెలుగు బరువును తగ్గించడానికి పాటుపడ్డాడన్న సంగతి మాత్రం ఆ ఉత్సవాలలో అంతగా వినిపించదు. ఈ రెండు కృషులకూ మూలసూత్రం ఒక్కటే. బిడ్డ నోట ఉన్న భాష నుంచే చదువు మొదలు కావాలి.

శిశువిద్యలో ఇటువంటి ప్రయత్నమే మహారాష్ట్రలోను జరిగింది. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ 1945లో బోర్డీలో గ్రామ బాలశిక్షా కేంద్రాన్ని ప్రారంభించి, 1957లో కోస్బాడ్ కొండకు తరలించారు. వార్లీ ఆదివాసుల పిల్లలు బడికి రాకపోతే బడినే వారి ముంగిటికి తీసుకుపోయారు. ముంగిలి అన్న అర్థంలోనే ‘అంగన్‌వాడీ’ అన్న మాట వాడుకలోకి వచ్చింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం ప్రారంభమైనప్పుడు ఆ మాట దేశమంతటా వ్యాపించింది. మాట వ్యాపించినంతగా దాని అంతరార్థం వ్యాపించిందా అన్నది వేరే ప్రశ్న. ముంగిటికి పోవడమంటే ఆ ముంగిట వినిపించే భాషలోకి కూడా పోవడమే.

విదేశాలలోను ఈ భావానికి ప్రతిరూపాలున్నాయి. న్యూజీలాండ్‌లో మావోరీ జాతివారు 1982లో ‘భాషాగూళ్ళ’ను ప్రారంభించారు. తమ భాష అంతరించిపోతున్నదని గ్రహించి, అవ్వలను, తాతలను శిశుశాలలలో కూర్చోబెట్టి పసిపిల్లలతో మావోరీలో మాట్లాడించారు. అక్కడ పెద్దలు ఇచ్చింది కేవలం పదజాలం కాదు. తమ భాష పలికినందుకు సిగ్గుపడనవసరం లేదన్న ధైర్యాన్ని కూడా ఇచ్చారు.

మూడు ఆక్షేపణలు

ఈ వాదానికి ఆక్షేపణలు లేకపోలేదు. వాటిని తేలికగా తోసివేయడం ఉచితం కాదు.

మొదటి ఆక్షేపణ తల్లిదండ్రులదే. ‘మా మాట మా బిడ్డకు ఇంట్లోనే వస్తుంది. బడికి పంపేది హిందీకోసం, తెలుగుకోసం, వీలైతే ఇంగ్లీషుకోసం’ అని వారు అంటారు. సంతలో తూకం దగ్గర, ఆసుపత్రిలో, కచేరీలో భాష రాక నష్టపోయినవారి అనుభవం నుంచి పుట్టిన మాట అది. దానిని అజ్ఞానమనడం అహంకారం. అయితే వారు కోరేది పెద్ద భాష రావడమే గాని, చిన్న భాష పోవడం కాదు. ఇంటి భాషలో ఆలోచన గట్టిపడిన బిడ్డ రెండవ భాషను అందిపుచ్చుకోవడం సులభం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 తరువాతి దశకంలో గోండీ, కోలామీ, కోయ, కొండ, కువి, సవర, బంజారా, ఆదివాసీ ఒరియా - ఈ ఎనిమిది భాషలలో తెలుగు లిపిలో వాచకాలు తయారుచేసి, క్రమంగా తెలుగుకు తీసుకుపోయే బహుభాషా విద్యా కార్యక్రమం ఈ అవగాహన మీదనే ఆధారపడింది. కాబట్టి రెండు భాషల శిశుశాలలో మొదటి భాషను దాటగానే తీసివేసే తాత్కాలిక వంతెనగా భావించరాదు. అది రెండవ భాషకు పునాది. పునాది తీసివేసి పై అంతస్తు నిలబెట్టినవారు ఎవరూ లేరు.

రెండవ ఆక్షేపణ మరింత లోతైనది. ‘ప్రతి బిడ్డలోని ప్రత్యేక శక్తి’ అన్న మాట ఆదివాసి బిడ్డ విషయంలో కంచెగా మారే ప్రమాదం ఉంది. నాట్యం, విల్లంబులు, వెదురు పని - ఇవే వారి శక్తులని ముందే తీర్మానించుకుని, ఆ హద్దులలోనే ప్రోత్సహిస్తే, అది గౌరవంలాగా కనిపించే నిర్బంధం. గణతంత్ర దినోత్సవాన ఈకలు కట్టుకుని ఆడే బిడ్డను మెచ్చుకుని, గణితం అడిగినప్పుడు నిరుత్సాహపరచే వ్యవస్థ శక్తిని పెంచదు, పరిమితం చేస్తుంది. ఇందుకు విరుగుడు కూడా బిడ్డ భాషలోనే ఉంది. జాతికి ఫలానా శక్తులున్నాయని పుస్తకం చెబుతుంది. ఈ బిడ్డకు ఏ శక్తి ఉందో ఆ బిడ్డ మాట్లాడితేనే తెలుస్తుంది. తునికాకుల లెక్క తెలిసిన పిల్లవాడు హస్తకళకు ఉదాహరణ కాదు, రేపటి గణితవేత్త కావచ్చు. పిట్టలను గుర్తించే పిల్ల జానపద విశేషం కాదు, జీవశాస్త్రజ్ఞురాలు కావచ్చు. కాకపోనూవచ్చు. ఆ నిర్ణయం నాలుగేళ్ళ వయసులో ఇతరులు చేయదగినది కాదు. శక్తిని గుర్తించడం వేరు, భవిష్యత్తును నిర్దేశించడం వేరు.

మూడవ ఆక్షేపణ సంస్కృతికి సంబంధించినది. ‘ప్రతి బిడ్డ’ అంటూ వేరుచేసి చూడడం నగర నాగరికత లక్షణమని, పల్లెలో, ముఖ్యంగా ఆదివాసి సమాజంలో, బిడ్డ గుంపులో ఒకడుగా పెరుగుతాడని కొందరు అంటారు. ఇందులో సత్యాంశం ఉంది. చంకలో తమ్ముణ్ణి ఎత్తుకున్న ఆ అయిదవ పిల్ల శక్తి ఏ పోటీలోను తేలదు. అది పదిమంది నడుమ మాత్రమే ఉనికి కలిగిన శక్తి. అందుచేత శక్తి అంటే ఇతరులను మించిపోవడమన్న భావాన్ని శిశుశాల వదులుకోవాలి. పదిమందిలో ఉంటూనే తన వంతు ఏమిటో కనుగొనడం కూడా వ్యక్తిత్వమే. బృందనాట్యంలో ప్రతి పాదమూ ఒకే లయలో పడుతుంది. అయినా ఏ పాదం ఎవరిదో చూసేవారికి తెలుస్తూనే ఉంటుంది.

చట్టం, పట్టిక, వినికిడి

శాసనపరంగా ఈ విషయంలో కొరత లేదు. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పించాలని చెబుతుంది. 2009 విద్యాహక్కు చట్టం సాధ్యమైనంత వరకు మాతృభాషలోనే బోధన సాగాలంటుంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం అయిదవ తరగతి వరకు, వీలున్నచోటల్లా, ఇంటి భాషను సూచిస్తుంది. ‘సాధ్యమైనంత వరకు’, ‘వీలున్నచోటల్లా’ అన్న మాటలు చట్టానికి అవసరమే. కాని వీలు అన్నది తానంతట తాను ఉండేది కాదు, ఒకరు కల్పిస్తే కలిగేది. కల్పించవలసినవారు అధికారులు, ఉపాధ్యాయులు.

అంగన్‌వాడీలలో బిడ్డ బరువు తూచి పట్టికలో రాయడం ఒక క్రమశిక్షణగా స్థిరపడింది. పోషణ లోపం తీవ్రంగా ఉన్న బస్తర్ వంటి ప్రాంతాలలో దాని అవసరాన్ని శంకించేవారు ఉండరు. అదే శ్రద్ధతో బిడ్డ మాటను కూడా నమోదు చేయవచ్చు. ఈ నెలలో బిడ్డ తనంతట తాను ఏమి చెప్పింది, ఏ భాషలో చెప్పింది, దేనిని ఎంతసేపు చూసింది, ఎవరికి సహాయం చేసింది - నాలుగు వాక్యాలు చాలు. ఆ వాక్యాలు రాయాలంటే కార్యకర్తకు బిడ్డ భాష రావాలి. చాలా పల్లెలలో కార్యకర్త ఆ ఊరి స్త్రీయే, ఆమెకు ఆ భాష వచ్చు. కాని తనిఖీకి వచ్చినవారు ‘ఎన్ని హిందీ అక్షరాలు వచ్చాయి, ఎన్ని తెలుగు గేయాలు వచ్చాయి’ అని మాత్రమే అడుగుతుంటే, తన భాషకు బడిలో విలువ లేదన్న పాఠాన్ని ఆమె కూడా నేర్చుకుంటుంది. అటుపిమ్మట ఆమె సొంత ఊరి పిల్లలతోనే పరభాషలో మాట్లాడుతుంది. భాష తెలిసినవారు కూడా చెవులు మూసుకోవలసిన పరిస్థితి అది. తనిఖీ ప్రశ్న మారితే ఈ పరిస్థితి మారుతుంది. ‘ఈ బిడ్డకు ఏమి వచ్చు, అది మీకు ఎట్లా తెలిసింది’ అని అడగడానికి అదనపు నిధులు అక్కరలేదు.

భేజ్జి వంటి గ్రామంలో ఈ ప్రశ్నకు మరింత బరువు ఉంది. అక్కడి పెద్దలు ఎన్నో ఏళ్ళుగా తమను గురించి ఇతరులు చెప్పుకునే మాటలు విన్నారు. తమను వినినవారు మాత్రం తక్కువ. అటువంటి ఊరిలో శిశుశాల అక్షరాలు నేర్పే స్థలం మాత్రమే కాదు. రాజ్యానికి, పౌరునికి మధ్య జరిగే తొలి సంభాషణ అక్కడే మొదలవుతుంది. ఆ సంభాషణలో మొదటి వాక్యం బిడ్డకు అర్థం కాని భాషలో ఉంటే, తరువాతి వాక్యాలకు నమ్మకం కలిగించడం కష్టం.

ఏ బిడ్డలో ఏ శక్తి ఉందో బిడ్డను అడిగితే చెప్పలేదు. తల్లిని అడిగితే సగం చెబుతుంది. తక్కిన సగం గురువు కనిపెట్టవలసిందే. కనిపెట్టడానికి కావలసిన మొదటి సాధనం వినికిడి. శబరికి ఇవతలనైనా, అవతలనైనా గురువు నేర్చుకోవలసిన తొలి పాఠం బిడ్డ నోటి మాట. ఆ పాఠం గురువుకు వచ్చిన తరువాతనే బిడ్డకు రెండవ భాష నేర్పే అర్హత ఏర్పడుతుంది.